చెప్పకుండా జరిగే పని: ముగ్గురు పిల్లలున్న ఇంట్లో పనుల పంపకం, ఒక కేస్ స్టడీ

కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. రెండు బెడ్‌రూముల ఇంట్లో ఆరుగురు: ఉద్యోగాలకు వెళ్లే అమ్మానాన్నలు, నాయనమ్మ, ఏడో తరగతి చదివే పన్నెండేళ్ల పెద్దమ్మాయి, మూడో తరగతిలో ఉన్న ఎనిమిదేళ్ల అబ్బాయి, ఎల్‌కేజీకి వెళ్లే నాలుగున్నరేళ్ల చిన్నది. గిన్నెలకు, ఇల్లు తుడవడానికి పొద్దున ఒకామె వస్తుంది, సాయంత్రం రాదు. ఇది అచ్చంగా ఒకే ఇంటి సంగతి కాదు. సలహా ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఇలాంటి ఇళ్లలో మాకు మళ్లీ మళ్లీ కనబడే చిక్కుల్ని, వాటికి పనికొచ్చిన పద్ధతుల్ని ఒకే కుటుంబంగా కూర్చి రాశాం.

తల్లి ఫిర్యాదు: "ఒక్కళ్లూ ఒక్క పని ముట్టుకోరు. చెప్పీ చెప్పీ నోరు పడిపోతోంది." పెద్దమ్మాయి ఫిర్యాదు: "అన్నీ నాకే చెప్తారు. వాడికి ఏమీ చెప్పరు." రెండూ నిజమే కావడం ఈ కేసులో ఆసక్తికరమైన విషయం.

లెక్క పెడితే తేలింది

సలహాల కంటే ముందు ఐదు రోజుల పాటు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించమన్నాం. మూడే గడులు: ఏ పని, ఎవరికి చెప్పారు, ఎన్నిసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఒక గీత. తిట్టినా గీతే, బతిమాలినా గీతే.

కాగితం నిండాక చూస్తే, అబ్బాయి టిఫిన్ బాక్స్ ఒక్కదానికే రోజూ నాలుగైదు గీతలున్నాయి. "బాక్స్ తీశావా?", "సింక్‌లో వేశావా?", "నీళ్లు పోశావా?", "మూతేదిరా?" ఇంత చెప్పినా బాక్స్ కడిగింది మాత్రం నాయనమ్మే. పెద్దమ్మాయి వరసలో చిన్నదానికి జడలు, అన్నం పెట్టడం, ఆరిన బట్టలు తేవడం, మడతలు, కంచాలు, అమ్మ వచ్చేసరికి టీ. అబ్బాయికి బాక్స్ కాకుండా చెప్పింది, కిందికెళ్లి పెరుగు ప్యాకెట్ తెమ్మని. చిన్నదాని గడిలో పని లేదు, "అడ్డం రాకు" అన్నవే ఉన్నాయి.

పిల్లలు పని చేయడం లేదనడం సరికాదు. వాళ్లకు పనిని ముక్కలు చేసి, చేతులకు సరిపడినంతే అందిస్తున్నారు. ఎప్పుడు చేయాలో గుర్తుండటం, సామాను ఎక్కడుందో తెలియడం, అయిందో లేదో చూసుకోవడం, ఇవన్నీ తల్లి తలలోనే ఉండిపోయాయి. నిజానికి పనిలో బరువైన భాగం అదే. పైగా ప్రతిసారీ నోటితో గుర్తుచేస్తుంటే, చెప్పేదాకా ఆగడం కూడా పిల్లవాడు పనిలో భాగంగానే నేర్చుకుంటాడు. పిల్లలకు పనులు నేర్పే థెరపిస్టులు ఎవరినడిగినా ఇదే అంటారు: వేలితో చూపించే సైగను, గోడ మీది బొమ్మను మెల్లగా తీసేయవచ్చు, నోటిమాటను తీసేయడమే అన్నిటికంటే కష్టం.

కాబట్టి మేం పెట్టుకున్న లక్ష్యం పనుల సంఖ్య పెంచడం కాదు. ఒక్కొక్కరికి ఒక్కటే పని, కానీ మొదలు, తుది, గుర్తుంచుకోవడం అన్నీ వాళ్లవే.

ఏ పని ఎవరికి

వయసుల వారీ పట్టికలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. వాటిని మొదటి వడపోతకు వాడుకోవచ్చు, అంతకుమించి నమ్మకూడదు. ఇంట్లో గట్టు ఎత్తు, బకెట్ బరువు, పిల్లవాడి చేతి పట్టు పట్టికకు తెలియవు. మేం చూసినవి నాలుగు. చెయ్యి అందుతుందా? బరువు ఎంత? మంట, కత్తి, కరెంటు, యాసిడ్‌లాంటి మందునీళ్లు ఏమైనా ఉన్నాయా? ఎన్ని అంచెలు గుర్తుంచుకోవాలి?

బరువుకు ఒక మోటు లెక్క ఉంది. 2020లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ స్కూల్ బ్యాగ్ విధానం, సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదంది. అది సంచీ కోసం పెట్టిన హద్దే అయినా ఇంటి పనికీ దాన్నే వాడుకుంటాం. ఈ అబ్బాయి 24 కిలోలు, అంటే హద్దు 2.4 కిలోలు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి కాబట్టి ఐదు లీటర్ల చిన్న బకెట్‌లో సగం నీళ్లంటే వాడి హద్దు వచ్చేసినట్టే. "మగపిల్లాడు కదా" అని 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ ఎత్తించడం చాలా ఇళ్లలో చూస్తాం. అది పెద్దమ్మాయికి కూడా తగదు.

ఐదో ప్రశ్న ఒకటుంది, పట్టికల్లో కనిపించదు: ఈ పని జరగకపోతే రేపు ఎవరికైనా తెలుస్తుందా? షోకేసు దుమ్ము దులపకపోతే వారం దాకా ఎవరూ గమనించరు. అలాంటి పని పిల్లలకు ఇస్తే అది ఉత్తుత్తి పనని వాళ్లు రెండో రోజే కనిపెడతారు. కంచాలు పెట్టకపోతే మాత్రం భోజనం ఆగుతుంది.

అబ్బాయి: టిఫిన్ బాక్స్, తొమ్మిది అంచెలు

వాడి బాక్స్ స్టీలుది. మూతకు రబ్బరు రింగ్, పక్కన క్లిప్పులు. పెద్దవాళ్లకు "బాక్స్ కడుగు" అనేది ఒక్క మాట. ఎనిమిదేళ్లవాడికి అది తొమ్మిది పనులు. సంచిలోంచి తీయాలి. మిగిలిన మెతుకులు తడి చెత్త బుట్టలో వేయాలి. మూతలోని రబ్బరు ఊడదీయాలి. బాక్సులో నీళ్లు పోసి నాననివ్వాలి. లోపల మూలలు తోమాలి. మూత గాడి తోమాలి. సబ్బు పోయేదాకా కడగాలి. స్టాండులో బోర్లించాలి. రబ్బరును విడిగా కొక్కేనికి తగిలించాలి.

ఇందులో ఎప్పుడూ తప్పేది మూడోది. పెద్దవాళ్లే రబ్బరు తీయరు. పప్పు, చారు తడి గాడిలో ఉండిపోతుంది, తడి రబ్బరు ఆరదు, కొన్నాళ్లకు దాని మీద నల్లచుక్కలు లేస్తాయి. అది బూజు. బాక్స్ ఎంత తోమినా పోని పులిసిన వాసన ఆ రింగ్‌దే. ఊడదీయడానికి గోరు వాడితే రబ్బరు చిరుగుతుంది. చెంచా పిడి గాడిలో దూర్చి ఒకచోట లేపితే మొత్తం వచ్చేస్తుంది. ఈ కిటుకు చూపించినప్పుడు అబ్బాయి మొహం వెలిగింది. మిగతా ఎనిమిది అంచెలకు ఒప్పుకున్నది ఈ ఒక్కదాని కోసమే అనుకుంటాం.

నేర్పింది వెనక నుంచి ముందుకు. మొదటి మూడు రోజులు తల్లో నాయనమ్మో ఏడు అంచెలు చేసి ఇస్తారు, వాడు బోర్లించి, రబ్బరు తగిలిస్తాడు, అంతే. నాలుగో రోజు నుంచి కడగడం కూడా వాడిదే. తర్వాత గాడి తోమడం. ఇలా రెండు మూడు రోజులకు ఒక అంచె చొప్పున వెనక్కి జరుగుతూ, మూడో వారం చివరికి సంచి తెరవడం దగ్గరికి వచ్చాం. ముందు నుంచి నేర్పితే పిల్లవాడు రోజూ పనిని మధ్యలో వదిలేస్తాడు, ముగించేది ఇంకొకరు. వెనక నుంచి నేర్పితే మొదటి రోజే పని తన చేతిలో ముగుస్తుంది. ఎనిమిదేళ్లవాడికి ఇంత నెమ్మది అక్కర్లేదనిపించవచ్చు. చేతికైతే అక్కర్లేదు, రెండు రోజుల్లో వస్తుంది. ఈ మూడు వారాలూ అలవాటు కోసం.

సామాను విషయంలో మూడు మార్పులు చేయించాం. వంటింటి గట్టు వాడి మోచేతుల కంటే ఎత్తు, నీళ్లు చేతుల మీదుగా చొక్కాలోకి కారేవి. స్టూలు వేస్తే తడి టైల్స్ మీద జారుతుంది. అందుకని పని వాష్ ఏరియాలో కింది కుళాయి దగ్గరికి మారింది, కూర్చోవడానికి ఒక పీట, ఒక ప్లాస్టిక్ టబ్బు. సబ్బు సీసా చేతికిస్తే పిల్లలు పావు సీసా పిండేస్తారు, నురగ కడగలేక వదిలేస్తారు. కాబట్టి చిన్న గిన్నెడు నీళ్లలో అర చెంచా సబ్బు కలిపి పెట్టడం. స్టీలు పీచు వద్దు, దాని తీగముక్కలు వేళ్లలో గుచ్చుకుంటాయి. స్పాంజి చాలు.

నాలుగో మార్పు చూడటానికి చిన్నదే, ఎక్కువ పనిచేసింది మాత్రం అదే. అదివరకు బడి సంచి బెడ్‌రూములో మంచం మీద పడేది. సంచి అక్కడుంటే బాక్స్ కూడా అక్కడే. వాష్ ఏరియా తలుపు పక్కన, వాడి భుజం ఎత్తులో ఒక కొక్కెం కొట్టించాం. పనికి గడియారంతో సంబంధం పెట్టలేదు, "నాలుగున్నరకి" అంటే మళ్లీ ఎవరో ఒకరు చెప్పాలి. షూ విప్పాక సంచి కొక్కేనికి, బాక్స్ టబ్బులోకి. ఒకదాని వెనక ఒకటి.

ఈ మూడు వారాలూ తల్లికి పెట్టిన నియమం ఒక్కటే: నోరు తెరవకూడదు. మరిచిపోతే వేలితో సంచి వైపు చూపించవచ్చు. ఆమెకు ఇది అబ్బాయి పని కంటే కష్టమైంది.

నాలుగో వారం సోమవారం బాక్స్ సంచిలోనే ఉండిపోయింది. మంగళవారం పొద్దున తెరిస్తే గుప్పుమంది. ముందే అనుకున్నట్టు ఎవరూ తిట్టలేదు, వాడికి తెలియకుండా కడిగి పెట్టలేదు. వాడే కడిగాడు, ఆ రోజు బాక్స్ ఆరక పాత ప్లాస్టిక్ డబ్బాలో చపాతీలు వెళ్లాయి. అన్నం మానిపించి బడికి పంపమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. మేం ఒప్పుకోం. ఆకలి వేసినప్పుడు పిల్లవాడికి ఆకలే గుర్తుంటుంది, బాక్స్ కాదు.

చిన్నది: ఆరు కంచాలు

నాలుగున్నరేళ్ల పిల్ల ఆరు దాకా లెక్క పెట్టగలదు, కానీ "ఆరు కంచాలు తే" అంటే నాలుగు తెచ్చి ఆగుతుంది. నోటి లెక్క, చేతి లెక్క ఇంకా కలవని వయసది. అందుకే అంకె చెప్పలేదు. "అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి, నాయనమ్మకి ఒకటి" అంటూ మనిషికొక కంచం. కంచాలు పై అర నుంచి కింది అరకు దించారు. ఒకసారికి రెండే, రెండు చేతులతో. అన్నీ స్టీలువే. గాజు గ్లాసులు, పింగాణీ పై అరలోనే ఉండిపోయాయి. నీళ్ల జగ్గు అర లీటరుది, సగం వరకే నింపినది. ఒలుకుతుంది. ఒలికితే తుడవడానికి ఒక గుడ్డ కింది అరలోనే వేలాడుతుంది, తుడవడం కూడా ఆమె పనే.

ఇక్కడ వచ్చే పొరపాటు తొందర. ఆరు కంచాలకు మూడు ట్రిప్పులు, మధ్యలో పిల్లి కనబడితే కిటికీ దగ్గర ఆగడం, మొత్తం ఏడెనిమిది నిమిషాలు. ఆకలితో ఉన్న పెద్దవాళ్లు మూడో నిమిషంలో లేచి తెచ్చేసుకుంటారు. అందుకని కూర పొయ్యి మీద ఉండగానే కంచాలకు పిలవమన్నాం.

పెద్దమ్మాయి: ఆరు పోయి ఒకటి

ఆమె విషయంలో మొదట చేసింది పనులు తీసేయడం. కంచాలు చిన్నదానికి పోయాయి. జడలు, అన్నం పెట్టడం నాయనమ్మకి. బట్టలు తేవడం తండ్రికి. ఇంట్లో పెద్దవాళ్లు లేనప్పుడు గ్యాస్ వెలిగించి టీ పెట్టడం పూర్తిగా ఆపించాం. పన్నెండేళ్లకు టీ పెట్టడం నేర్వవచ్చు, కానీ పెద్ద మనిషి వంటింట్లోనే ఉండాలి, జుట్టు ముడివేసి ఉండాలి, చున్నీ ఉండకూడదు. నూనెలో వేయించడం, ప్రెషర్ కుక్కర్ ఇంకా కొన్నేళ్లు ఆగాలి.

బదులుగా ఆమెకు ఇచ్చింది వారంలో మూడు రాత్రుల అన్నం, కరెంటు రైస్ కుక్కర్‌లో. మొత్తం ఆమెదే. ఆరుగురికి కుక్కర్‌తో వచ్చిన కప్పుతో మూడు కప్పుల సోనా మసూరి. రెండు మూడు సార్లు కడిగి, ఇరవై నిమిషాలు నానబెట్టాలి. పాత బియ్యానికి కప్పుకు రెండున్నర కప్పుల నీళ్లు, కొత్త బియ్యానికి రెండు. బస్తా మారినప్పుడల్లా మొదటి రోజు అన్నం తేడాగా వస్తుందని ముందే చెప్పాం, లేకపోతే తప్పు తనదనుకుంటుంది.

ఒక అంచె ఎందుకో తెలిస్తేనే గుర్తుంటుంది: గిన్నె అడుగు పొడిగుడ్డతో తుడిచి, కుక్కర్ లోపల వేడెక్కే ప్లేటు మీద మెతుకు లేదని చూసి పెట్టాలి. ప్లేటు నడుమ స్ప్రింగు మీద ఒక అయస్కాంతం ఉంటుంది. నీళ్లున్నంతసేపు గిన్నె అడుగు 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లు ఇంకగానే వేడి ఎగబాకుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్విచ్ టక్కుమని వామ్‌లోకి, అంటే ఉడికించకుండా వేడిగా మాత్రమే ఉంచే స్థితికి, లేస్తుంది. అడుగున మెతుకు ఇరుక్కుంటే గిన్నె ఒరుగుతుంది, అయస్కాంతానికి సరిగా ఆనదు, అన్నం ఒక పక్క పలుకు, ఒక పక్క మాడు. స్విచ్ లేచాక పది నిమిషాలు మూత తీయకూడదు. తీసేటప్పుడు మూతను మొహానికి అవతలి వైపు నుంచి లేపాలి, ఆవిరి చేతుల్ని కాలుస్తుంది. గిన్నె బయటికి తీసే ముందు ప్లగ్ స్విచ్ ఆపాలి, పొడి చేతులతో.

ఐదో వారంలో ఒక రాత్రి ఎనిమిదిన్నరకు మూత తీస్తే గోరువెచ్చటి నీళ్లలో బియ్యం. ప్లగ్ వేసింది, మీట కిందికి నొక్కలేదు. వామ్ లైటు వెలుగుతోంది కదా, ఉడుకుతోందనుకుంది. ఆ పూట అందరికీ ఉప్మా. మర్నాటి నుంచి మీట నొక్కాక ఐదు నిమిషాలకు ఆవిరి వాసన చూసి వెళ్లడం తనే అలవాటు చేసుకుంది.

బియ్యం డబ్బా అడుగంటుతుంటే చెప్పాల్సింది కూడా ఆమే. రెండు కిలోల దగ్గర డబ్బా లోపల పెన్నుతో గీత గీశారు. గీత కనబడితే తండ్రికి మెసేజ్. చాలామంది తల్లిదండ్రులు ఇది వదిలేస్తారు. వంట అప్పగిస్తారు, సరుకు చూసుకోవడం తమ దగ్గరే ఉంచుకుంటారు.

నాయనమ్మ, నాన్న, పది రూపాయలు

నాయనమ్మ అభ్యంతరాలు రెండు. ఒకటి, "వాడు కడిగితే జిడ్డు పోదమ్మా." ఇది నిజమే, మొదటి రెండు వారాలు పోదు. ఆమె చేసేదేమిటంటే, వాడు బోర్లించి వెళ్లగానే తీసి మళ్లీ తోమేది. వాడు చూశాడు కూడా. నాలుగు రోజుల్లో వాడి తోముడు ఇంకా తగ్గింది, ఎలాగూ నాయనమ్మ కడుగుతుంది కదా. దానికి చేసుకున్న ఒప్పందం: జిడ్డు కనబడితే ఆ బాక్సును ముట్టుకోకుండా మర్నాడు వాడికే చూపించి, ఒక్క చోటు మాత్రం చెప్పాలి. "మూల చూడరా నాన్నా, వేలు పెట్టి చూడు, జారుతోందా?" రెండోది, "మగపిల్లాడితో అంట్లు తోమించడమేమిటి?" దీని మీద వాదన పెట్టుకోలేదు. తండ్రి రాత్రి భోజనమయ్యాక తన కంచం, అందరి గ్లాసులు తోమడం మొదలుపెట్టాడు. వారం రోజులు నాయనమ్మ ఏమీ అనలేదు, తర్వాత అలవాటైపోయింది.

తండ్రి వాటా తప్పించుకోలేనిది. దేశంలో 2019లో జరిగిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారు. పైగా అసలు చేసే మగవాళ్లే నలుగురిలో ఒకరు. ఎనిమిదేళ్లవాడు రోజూ చూసేది ఇదే. పిల్లలకు అసలు ఇవ్వకూడని పనులు కూడా తండ్రికే వెళ్లాయి: బాత్రూము యాసిడ్, బ్లీచింగ్, ఫ్యాను రెక్కలు. యాసిడ్, బ్లీచింగ్ ఒకే రోజు వాడొద్దని ఆయనకూ చెప్పాల్సి వచ్చింది, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచిన ఫినాయిల్‌ను తీయించి, అసలు డబ్బాలోనే తాళం వేసే అరలో పెట్టించాం.

డబ్బుల సంగతి. మేం రాకముందు తండ్రి బాక్స్ కడిగితే పది రూపాయలన్నాడు. నాలుగు రోజులు నడిచింది, ఐదో రోజు అబ్బాయి "ఈ రోజు నాకు డబ్బులక్కర్లేదు" అని టీవీ ముందు కూర్చున్నాడు. వాడి తర్కంలో తప్పేమీ లేదు. 1973లో మనస్తత్వ శాస్త్రవేత్తలు లెపర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగంలో, బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు గీయించిన చిన్నపిల్లలు తర్వాత తమంతట తాము గీయడం తగ్గించారు. 2008లో వార్నెకెన్, తొమసెల్లో ఇరవై నెలల పిల్లల్లోనూ అలాంటిదే చూశారు, సాయం చేసినందుకు వస్తువు ఇస్తే తర్వాత సాయం తగ్గింది. ఇంటి పనికి డబ్బు ఇవ్వని పద్ధతే మేం చెబుతాం. పాకెట్ మనీ వేరు, పనితో ముడి లేదు. బయటివాళ్లకు డబ్బిచ్చి చేయించే కారు కడగడంలాంటి వాటికి ఇచ్చినా ఫర్వాలేదు. పది రూపాయలు ఆపేటప్పుడు, అంతవరకు బాకీ ఉన్నవి లెక్క కట్టి ఇచ్చేశాకే ఆపమన్నాం.

ఎనిమిదో వారం

ఫ్రిజ్ మీద మళ్లీ అదే కాగితం, మళ్లీ ఐదు రోజులు. బాక్స్ గడిలో రెండు గీతలు, రెండూ ఆటల పోటీలకు ఆలస్యమైన రోజువి. కంచాలకు పిలుపు ఇంకా కావాలి, ఆ వయసుకు అంతే. అన్నానికి గీతల్లేవు. పరీక్షల వారంలో పెద్దమ్మాయి మూడు రాత్రులను ఒకటి చేశారు, పూర్తిగా తీయలేదు. తీసేస్తే మళ్లీ మొదలుపెట్టించడం కొత్తగా నేర్పినంత పని.

తేలనిది బట్టల మడత. తండ్రి తెచ్చిన బట్టలు సోఫా మీద గుట్టగా పడుతున్నాయి, ముగ్గురూ అందులోంచి తమవి లాక్కుంటున్నారు. ఎవరి బట్టలు వాళ్లే మడవాలన్న నియమం రెండుసార్లు పెట్టి చూశారు, నిలవలేదు. కారణం అల్మరాలోనే ఉంది: అబ్బాయి బట్టల అర వాడి తలకంటే పైన. మడతపెట్టినా లోపల పెట్టలేడు. అరలు మార్చే దాకా ఆ పని వాడికి ఇవ్వొద్దని, మారాక ముందు చేతిరుమాళ్లు, బనీన్లతో మొదలుపెట్టమని రాసిచ్చాం.